సాట్‌లో ఎవరికీ చెవి నొప్పి రాదట

ముంబై తీరానికి దూరంగా సముద్రంలో ఉన్న చమురు క్షేత్రం ముంబై హైలో ఒక డైవింగ్ షిప్పు మీద లైఫ్ సపోర్ట్ టెక్నీషియన్‌ని. ఉక్కు చాంబర్లో ఉండే డైవర్ల గాలి, వేడి, తిండి, స్నానం అన్నీ బయట నుంచి మేమే చూస్తాం. టాయిలెట్ ఫ్లష్ కావాలన్నా మమ్మల్ని అడగాల్సిందే.

అక్కడ సముద్రం లోతు డెబ్బై ఎనభై మీటర్లు. రోజూ దిగి ఎక్కుతుంటే డీకంప్రెషన్‌కే, అంటే ఒంటి మీది ప్రెషర్‌ని మెల్లగా తగ్గించడానికే, టైమంతా పోతుంది. అందుకే చాంబర్లో దాదాపు ఆ లోతులో ఉండేంత ప్రెషర్ పెట్టి, మహా అయితే 28 రోజుల వరకు, వాళ్లను అందులోనే ఉంచుతారు. దీన్నే సాట్ (శాచురేషన్ డైవింగ్) అంటాం. ఇంట్లో ఏం జరిగినా సరే, బయటికి రావడానికి మూడు రోజులు తప్పదు.

లోపల పీల్చే గాలిలో ఎక్కువగా హీలియమే. ఒంట్లో వేడి లాగేస్తుంది కాబట్టి చాంబర్‌ని 30 డిగ్రీల దగ్గర ఉంచుతాం. ఆ ఉక్కకి చెవుల్లో బ్యాక్టీరియా చేరుతుంది. అందుకని పొద్దునా రాత్రీ చెవికి ఐదేసి నిమిషాలు చుక్కలు. మైకులో టైమ్ చెప్పేది నేనే: "ఎడమది అయింది, కుడివైపు తిరగండి."

ఒక రాత్రి కాకినాడ కుర్రాడొకడు తిరగలేదు. "ఏరా, నొప్పా?" అన్నాను. హీలియం వల్ల వచ్చే బాతు గొంతుతో "ఏం లేదన్నా, లాగ్‌లో రాయకు" అన్నాడు. రాశాను. మెడికల్ లాక్ (చాంబర్లోకి సామాన్లు పంపే చిన్న రెండు తలుపుల గది) గుండా చెవిలోంచి తీసిన స్వాబ్ తెప్పించాం. నొప్పి తగ్గేదాకా వాణ్ని నీళ్లలోకి దింపలేదు, వాడు నాతో మాట్లాడలేదు. వాడి టెన్షన్ చెవి గురించి కాదు, వచ్చే కాంట్రాక్టుకి పిలవరేమోనని. రోజు లెక్కన జీతం తీసుకునేవాడు నొప్పి ఎందుకు చెబుతాడు?

ఈమధ్య సంక్షేమం ఫారం ఒకటి వచ్చింది. నిద్ర, ఒత్తిడి, తిండి, ఒక్కోదానికి అయిదు మార్కులు. వసూలు చేసిందెవరు? తర్వాతి జాబ్‌కి పేర్లు రాసే మనిషే! అందరూ అయిదుకి అయిదు వేశారు, తిండికి తప్ప. ఆ ప్రెషర్లో నాలుకకి రుచి తెలియదు, ఆవకాయ అడుగుతారు. (సీసా మూత వదులు చేసి పంపాలి, లేకపోతే లోపల ఊడి రాదు.)

ఉత్తర సముద్రంలో పనిచేసిన డైవర్లు నార్వే ప్రభుత్వం మీద యూరప్ మానవ హక్కుల కోర్టుకెళ్లి 2013లో గెలిచారు. డీకంప్రెషన్ టేబుళ్లతో (ప్రెషర్ ఎంత సేపట్లో తగ్గించాలో చెప్పే పట్టికలతో) ఉన్న ప్రమాదం గురించి తమకు సరైన సమాచారం అందేలా ప్రభుత్వం చూడలేదన్నది అందులో ముఖ్యమైన వాదన. ఈ పనిలో తుంటి, భుజం ఎముకలు లోపల చచ్చిపోయే జబ్బు ఉంది, అది ఏళ్ల తర్వాత గానీ బయటపడదు. అప్పటికి డైవర్ ఏ కాంట్రాక్టులోనూ ఉండడు. ఫారం షిప్పుతో సంబంధం లేని డాక్టర్ చేతికి వెళ్లాలి, నీళ్లలోకి దిగని రోజులకీ పూర్తి జీతం ఇవ్వాలి, పని మానేశాక తీయించే ఎమ్మారై ఖర్చు ఎవరిదో కాంట్రాక్టులోనే రాయాలి.