శివరాత్రి మర్నాటి బిలిరుబిన్

రెండేళ్ళ కిందట మా ఆఫీసులో ఏటా జరిపించే ఆరోగ్య పరీక్షలు సరిగ్గా శివరాత్రి మర్నాడు పడ్డాయి. ముందు రోజంతా ఉపవాసం, రాత్రంతా జాగారం, మంచినీళ్ళు కూడా అంతంత మాత్రమే. పరగడుపున రావాలని చెప్పారు గనుక పొద్దున్నే ఏమీ తినకుండా వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చాను. సాయంత్రం ఫోనుకు వచ్చిన రిపోర్టులో ఒక్క అంకె మాత్రం లావుపాటి అక్షరాలలో, పక్కన నక్షత్రం గుర్తుతో కనిపించింది: టోటల్ బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) 2.6. డెసిలీటరుకు 1.2 మిల్లీగ్రాములు దాటకూడదని ఆ పక్క గడిలోనే ఉంది.

మా అమ్మ నన్ను కిటికీ వెలుతురులోకి లాక్కెళ్ళి, బొటనవేలితో కింది రెప్ప లాగి చూసి, "కన్ను పచ్చగయింది బిడ్డా, రేపటి నుంచి ఉప్పు, నూనె బంద్" అని తీర్పు చెప్పింది. మేనత్త ఫోనులోనే నేల ఉసిరి పసరు మూడు దినాలు తాగాలని మోతాదుతో సహా నిర్ణయించింది. అదే రోజు నా పక్క సీటు మిత్రుడి రిపోర్టు కూడా వచ్చింది. రోజుకు పది సిగరెట్లు కాల్చే మనిషి, పొట్ట బాగా పెరిగిన మనిషి, ట్రైగ్లిజరైడ్లు 260 ఉన్న మనిషి; అతని బిలిరుబిన్ 0.4. "నా లివర్ బంగారం" అని అతడు అందరికీ ఆ కాగితం చూపించాడు. ఒక అంకెను ఎంత తలకిందులుగా చదవవచ్చునో ఈ రెండు రిపోర్టులను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

నేను కలిసిన వైద్యురాలు రిపోర్టు చూసి మొదట అడిగినది, "చివరిగా అన్నం ఎప్పుడు తిన్నారు?" అని. తరువాత ఆమె టోటల్ అంకెను వదిలి, దాని కింది గీతల మీద వేలు పెట్టారు. డైరెక్ట్, అంటే కాలేయం నీటిలో కరిగేటట్లు మార్చినది, 0.4 మాత్రమే, మిగిలిన 2.2 అంతా ఇంకా అలా మారని ఇండైరెక్ట్. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే కాలేయ ఎంజైములు మూడూ మామూలుగానే ఉన్నాయి. ఎర్ర రక్తకణాలు అతిగా చితికిపోవడం లేదని నిర్ధారించుకోవడానికి రెటిక్యులోసైట్ల (అప్పుడే పుట్టిన ఎర్రకణాల) లెక్క, ఎల్‌డీహెచ్ (కణాలు చితికితే పెరిగే ఎంజైమ్), దానితో పాటు విటమిన్ బి12 కూడా చేయించారు. బి12 ఎందుకంటే, అది బాగా తగ్గినప్పుడు ఎముక మజ్జలోనే కణాలు పూర్తిగా తయారు కాకముందే నశించి, ఇండైరెక్ట్ బిలిరుబిన్‌ను పెంచుతాయి. మాంసాహారం ముట్టని ఇళ్ళలో ఈ లోపం అరుదు కాదు. అవన్నీ సరిగా ఉన్నాయి. రెండు వారాలు వేళకు తిని, వేళకు నిద్రపోయి మళ్ళీ పరీక్ష చేయిస్తే 1.4 వచ్చింది.

దీనికి గిల్బర్ట్ సిండ్రోమ్ అని పేరు. ఫ్రాన్సులో ఆగుస్తిన్ గిల్బర్ట్, పియర్ లెరెబులే 1901లోనే దీన్ని వర్ణించారు. రోగమని పిలవడానికి నాకు మనసొప్పదు, ఎందుకంటే చాలా జనాభాలలో నూటికి మూడు నుంచి పది మంది దాకా దీనితోనే పుట్టి, చాలామంది తెలియకుండానే బతికేస్తారు. జరిగేది ఇది. దాదాపు 120 రోజులు బతికిన ఎర్ర రక్తకణం విరిగినప్పుడు అందులోని హీమ్ (ఇనుము ఉండే ఎర్రటి భాగం) ముందు ఆకుపచ్చని బిలివర్డిన్‌గా, ఆపై పసుపుపచ్చని బిలిరుబిన్‌గా మారుతుంది. మోకాలికి దెబ్బ తగిలి కమిలినచోట నలుపు పోయి ఆకుపచ్చ, ఆకుపచ్చ పోయి పసుపు తేలడం మనం చూసేది ఈ మార్పునే. ఇలా రోజుకు 250 నుంచి 300 మిల్లీగ్రాములు తయారవుతుంది. అది నీటిలో కరగదు కనుక రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకొని కాలేయానికి చేరుతుంది. అక్కడ యూజీటీ1ఏ1 అనే ఎంజైమ్ దానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించి, నీటిలో కరిగేటట్లు చేసి, పైత్యరసంలోకి పంపుతుంది. గిల్బర్ట్ ఉన్నవారిలో ఈ ఎంజైమ్ పని మామూలులో మూడో వంతు దగ్గర ఉంటుంది. ఈ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు ముందుభాగంలో టీఏ అనే రెండక్షరాల జంట ఆరుసార్లు రావలసిన చోట ఏడుసార్లు రావడమే ఇందుకు కారణమని 1995లో తేలింది.

అంటే నా కాలేయం చెడిపోలేదు, ఒక్క గేటు ఇరుకు, అంతే. మామూలు రోజుల్లో ఆ గేటు సరిపోతుంది. ఉపవాసం ఉన్నప్పుడు సరిపోదు. తిండి తగ్గినప్పుడు పైత్యరసం, పేగుల కదలిక మందగించి, పేగులోకి వెళ్ళిన బిలిరుబిన్‌లో కొంత తిరిగి రక్తంలోకి చేరుతుంది. ఇంకా కొన్ని మార్గాల్లోనూ అది పెరుగుతుంది. ఇది ఎవరిలోనైనా జరిగేదే. గిల్బర్ట్ ఉన్నవారిలో అంకె ఎక్కువ ఎత్తుకు పోతుంది. ఒకప్పుడు వైద్యులు రెండు రోజులపాటు రోజుకు 400 కేలరీలే ఇచ్చి, బిలిరుబిన్ పెరుగుతుందో లేదో చూసి దీన్ని నిర్ధారించేవారు. నిద్రలేమి, నీరు తక్కువ తాగడం, జ్వరం, అలవాటు లేని కఠిన వ్యాయామం కూడా దానిని పైకి తోస్తాయి. శివరాత్రి నాడు నేను వీటిలో మూడింటిని ఒకేసారి, భక్తితో చేశాను.

మా అమ్మ చెప్పిన పథ్యం విషయంలో నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఉప్పు లేని చప్పిడి గంజి తాగి తిండి తగ్గించుకున్నవాడికి ఆ అంకె ఇంకా పెరుగుతుంది, పెరిగినందుకు పథ్యం మరింత బిగుస్తుంది. తరువాత విసిగి మామూలుగా తినడం మొదలుపెట్టగానే తగ్గుతుంది, ఆ ఘనత పసరుకు పోతుంది. హెపటైటిస్ ఏ వల్ల వచ్చే కామెర్లు కూడా చాలామందిలో కొన్ని వారాలలో వాటంతట అవే తగ్గుతాయి గనుక, మన ఊళ్ళలో పసరు వైద్యుల కీర్తి ఇంతకాలం నిలిచింది. కామెర్లకని చేతికి వాతలు పెట్టించుకున్న మచ్చలు మా తాత ముంజేతి మీద నేనే చూశాను.

ఇక నా మిత్రుడి 0.4 సంగతి. 1987లో రోలాండ్ స్టాకర్ బృందం బిలిరుబిన్ బలమైన యాంటీ ఆక్సిడెంట్ అని చూపించింది. అప్పటివరకు దాన్ని విసర్జించవలసిన వ్యర్థంగా చూసినవారే ఎక్కువ. 1994లో ష్వెర్ట్‌నర్ బృందం అమెరికాలో గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారిలో బిలిరుబిన్ తక్కువగా ఉండటాన్ని గుర్తించింది. ఆ తరువాత ఎన్నో దేశాల పరిశీలనల్లో ఇదే ధోరణి కనిపించింది: పొగతాగేవారిలో, నడుము చుట్టుకొలత, ట్రైగ్లిజరైడ్లు, ఇన్సులిన్ నిరోధకత ఎక్కువ ఉన్నవారిలో సగటున ఇది తక్కువ. పొగ మానితే కొంత పెరుగుతుంది. మగవారికంటే ఆడవారిలో తక్కువ. హీమ్ తక్కువ కనుక ఐరన్ లోపపు రక్తహీనతలోనూ తక్కువే. కనుక 0.4ను కాలేయానికి ఇచ్చిన యోగ్యతాపత్రంగా తీసుకోవడం పొరపాటు.

అలాగని నా 1.4ను కవచంగా చూసుకునేంత ధైర్యం కూడా నాకు లేదు. గిల్బర్ట్ జన్యువు వల్ల పుట్టుకతోనే బిలిరుబిన్ ఎక్కువ ఉన్నవారిని డెన్మార్క్‌లో పెద్ద సంఖ్యలో పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, వారికి గుండెజబ్బు ముప్పు తగ్గినట్లు తేలలేదు. బహుశా బొజ్జ, పొగ వంటివి ఒకవైపు గుండెను దెబ్బతీస్తూ, మరోవైపు ఆ అంకెను కిందికి లాగుతున్నాయేమో. మద్యం సంగతి వేరు. అది కాలేయాన్ని పాడుచేసిన తరువాత బిలిరుబిన్ పెరిగితే డైరెక్ట్ భాగం కూడా పెరుగుతుంది, జీజీటీ అనే మరో కాలేయ ఎంజైమ్, ఎస్‌జీఓటీ అంతకుముందే గోల పెడతాయి. మూత్రం చిక్కటి టీ డికాక్షన్ రంగులోకి వచ్చినా, మలం సున్నంలా పాలిపోయినా, ఒళ్ళంతా దురద పెట్టినా అది నా కథ కాదని, ఆలస్యం లేకుండా వైద్యుణ్ణి కలవాలని ఆ వైద్యురాలు నాకు ప్రత్యేకంగా చెప్పారు. ఇండైరెక్ట్ బిలిరుబిన్ మూత్రంలోకి దిగదు, కనుక గిల్బర్ట్ వల్ల నా మూత్రం అలా మారడానికి వీలు లేదు. ఏ ఆస్పత్రికి వెళ్ళినా గిల్బర్ట్ ఉందని ముందుగా చెప్పమని కూడా అన్నారు, ఎందుకంటే క్యాన్సర్‌కు వాడే ఇరినోటెకాన్ వంటి మందులు అదే గేటు గుండా బయటికి పోవాలి.

ఇప్పుడు కార్తీక సోమవారాలు చేస్తాను గాని, ఆ వారంలో రక్తపరీక్ష పెట్టుకోను. నీళ్ళు తాగుతాను, రాత్రి భోజనం మానను. మిత్రుడు నిరుడు వానాకాలంలో సిగరెట్లు మానేశాడు. మొన్నటి పరీక్షలో అతని బిలిరుబిన్ 0.7 వచ్చింది. అంత తేడా పొగ మానడం వల్లే రావచ్చు, వేరే రోజు రక్తం ఇచ్చినా రావచ్చు. అతడు మాత్రం రాత్రి పదింటికి ఫోను చేసి, "నీ పక్కన కూర్చుంటే నాకూ అంటుకుందా ఏందిరా?" అని అడిగాడు.