జామ కొమ్మలు వంచే పని

రోహిణి కార్తె వచ్చిందంటే మా జామ తోటలో తాళ్ల పని మొదలవుతుంది. మాది సదాశివపేట దగ్గర ఎర్రనేల. లక్నో-49 అనే రకం చెట్లు ఎక్కువ, బావి వైపు మాత్రం రెండు వరసలు అలహాబాద్ సఫేదా రకం. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండ ముదరకముందే, పొద్దున్నే, పాత చీరల పీలికలు, సుతిలి, తుమ్మ గూటాలు పట్టుకుని తోటలోకి దిగుతాం. దారిన పోయేవాళ్లు ఆగి, "మంచిగున్న చెట్టును గట్ల కట్టేస్తున్నరేంది?" అని అడుగుతారు. అడిగినప్పుడల్లా చెప్పడం నాకు ఇష్టమే. ఈసారి వివరంగా రాసి పెడుతున్నాను.

జామను దాని మానాన వదిలేస్తే ఫిబ్రవరి, మార్చిలో విరగబూస్తుంది. ఆ కాయ జూలై, ఆగస్టులో వానల్లో చేతికొస్తుంది. చూడటానికి నిగనిగలాడుతుంది గానీ నీళ్లనీళ్లగా ఉంటుంది, తీపి ఉండదు. పైగా పండు ఈగ. పైకి చిన్న చుక్క కూడా కనిపించని పండును కోస్తే లోపల తెల్లటి పురుగులు కదులుతుంటాయి. ఈగలను లాగే మిథైల్ యూజినాల్ ఎరలు ఎన్ని వేలాడదీసినా వానాకాలం కాయను పూర్తిగా కాపాడటం కష్టం. అదే చెట్టు మృగశిరలో చిగురేసి జూన్ చివర, జూలైలో పూస్తే కాయ నవంబరు, డిసెంబరుల్లో వస్తుంది. చలికి గట్టిపడి, కొరికితే కరకరలాడి, తీపి నిలుస్తుంది. సి విటమిన్ కూడా చలికాలం కాయలోనే ఎక్కువ. ఆ రోజుల్లో హైవే పక్కన గంప పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ల దగ్గర కార్లు వాటంతటవే ఆగుతాయి. మనం పిలవనక్కర్లేదు.

కాబట్టి చెట్టు బలమంతా వానాకాలం కాయకు పోకూడదు. అందుకు మా చుట్టుపక్కల రకరకాల పద్ధతులున్నాయి. ఎండాకాలమంతా నీళ్లు ఆపేసి ఆకు రాల్చేవాళ్లున్నారు, యూరియా నీళ్లు చిక్కగా కలిపి పూత మీద కొట్టేవాళ్లున్నారు, కత్తెర పట్టి కొమ్మలు సగానికి కొట్టేసేవాళ్లున్నారు. ఏదీ తప్పని అనను. కానీ నాకు కొమ్మ వంచడమే నచ్చింది. చెట్టు పెంచుకున్న కొమ్మ ఎక్కడికీ పోదు, కాపు చేతికందే ఎత్తులో ఉంటుంది, మందు ఖర్చు లేదు. కూలీ మాత్రం పడుతుంది, అది ఒప్పుకోవాల్సిందే.

ఇది పనిచేయడానికి కారణం జామ స్వభావంలోనే ఉంది. జామ పాత కొమ్మ మీద పూయదు. ఆ కొమ్మ నుంచి కొత్తగా వచ్చిన చిగురులో, ఆకుల మొదట్లో పూస్తుంది. అంటే ఎన్ని కొత్త రెమ్మలొస్తే అంత పూత. కానీ కొమ్మ నిటారుగా ఉన్నంతకాలం కొసన ఉన్న మొగ్గదే పెత్తనం. అది తయారుచేసే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ, పక్క కళ్లను, అంటే ఆకుల మొదట్లో ఉండే చిగురు మొగ్గలను, లేవనివ్వదు. కొమ్మను అడ్డంగా పడుకోబెడితే ఆ పెత్తనం సడలుతుంది. అప్పటిదాకా నిద్రపోతున్న కళ్లు, ముఖ్యంగా పైవైపున్నవి, వరసగా విచ్చుకుంటాయి.

అన్నిటికంటే ముఖ్యం, ఏ కొమ్మను వంచాలో తెలియడం. ఇది కంటితో కంటే వేళ్లతో బాగా తెలుస్తుంది. లేత జామ రెమ్మను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని తిప్పి చూడండి. గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా ఉంటుంది, అంచులు వేలికి తగులుతాయి. అది ఇంకా పసిది, వదిలేయాలి. కాస్త ముదిరాక పలకలు కలిసిపోయి గుండ్రమవుతుంది, ఆకుపచ్చ పోయి గోధుమ రంగు తిరుగుతుంది. అలా గుండ్రబడి, బొటనవేలి లావు దాటని కొమ్మ మాకు కావాలి. దానికంటే లావైతే వంగడం కష్టం, బలవంతం చేస్తే కొమ్మ మొదట్లో చీలుతుంది. కూలికొచ్చే వాళ్లలో కొత్తమ్మాయి ఎవరైనా ఉంటే, "అక్కా, గింత లావుది ఒంగుతదా?" అని ప్రతి కొమ్మకూ అడుగుతుంది. అడగనివ్వాలి. మా అత్తమ్మ అయితే మాటలతో చెప్పదు, ఆ పిల్ల చేతిని తీసుకుని కొమ్మ మీద పెడుతుంది, "సూడు, గీడ పలక తగుల్తుందా?" అంటుంది. పూట గడిచేసరికి ఆ పిల్లే ఇంకొకరికి చూపిస్తుంటుంది.

వంచే ముందురోజు నీళ్లు పెడతాం. ఎండిన నేలలో ఉన్న చెట్టు కొమ్మ బిరుసుగా ఉంటుంది, నీళ్లు తాగిన కొమ్మ మాట వింటుంది. తర్వాత ఆకు తీయాలి. కొసన పది జతల ఆకులు ఉంచి, కిందివన్నీ తీసేస్తాం. ఉన్న పూలు, పిందెలు కూడా. ఆకును కిందికి లాగితే తొడిమతోపాటు బెరడు చీలి, దాని మొదట్లో ఉన్న కన్ను కూడా ఊడొస్తుంది. మనకు కావాల్సింది ఆ కన్నే. అందుకే మేం కత్తెరతో ఆకును కోసి తొడిమ వదిలేస్తాం. అది ఎండి తనే రాలిపోతుంది.

ఇక వంచడం. ఒక చెయ్యి కొమ్మ మొదట్లో, అది కాండాన్ని అంటుకున్న చోట ఉండాలి. రెండో చెయ్యి కొమ్మ పొడవులో మూడింట రెండొంతుల దగ్గర. మొదట్లో ఉన్న చెయ్యి దించేది కాదు, కాపు కాసేది. మెల్లగా దించుతుంటే అరచేతి కింద బిగువు తెలుస్తుంది. బిగువు పెరిగిన చోట ఆగి, కాసేపు అలాగే పట్టుకుంటే కొమ్మ ఇంకాస్త దిగుతుంది. మొండికేస్తే ఇవ్వాళ ఇంత, ఎల్లుండి ఇంకొంత. కొసకు తాడు కట్టి లాగితే కొమ్మ విల్లులా వంగుతుంది. అప్పుడు నడిమి గూని దగ్గరే రెండు మూడు బలిసిన రెమ్మలు లేచి, మిగతాదంతా ఖాళీగా ఉంటుంది. కొమ్మ పొడవునా చిగురు రావాలంటే నేలకు సమంగా పడుకోవాలి. అందుకే మూడింట రెండొంతుల దగ్గర చీర పీలిక చుట్టి, దానికి సుతిలి వేసి, గూటానికి కడతాం. పీలిక ఉచ్చులో వేలు దూరేంత వదులుండాలి. ఉత్త సుతిలిని బిగించి కడితే కొమ్మ లావయ్యేకొద్దీ అది బెరడులోకి దిగబడుతుంది. రాళ్లు వేలాడదీసేవాళ్లూ ఉన్నారు గానీ, గాలిదుమారం వచ్చినప్పుడు రాయి ఊగి కొమ్మను విరుస్తుంది. గూటాన్ని ఏటవాలుగా దిగ్గొట్టండి. డ్రిప్పు పైపుకు మాత్రం ఎప్పుడూ కట్టకండి.

ఐదారేళ్ల చెట్టుకు పదిహేను, ఇరవై కొమ్మలు చాలు. నడుమ రెండు మూడు కొమ్మలను నిటారుగానే వదిలేస్తాను. చెట్టుకు కాస్త నీడ ఉండాలి, మరుసటి ఏడాది వంచడానికి కొమ్మలూ ఉండాలి.

పది రోజులకు అటూ ఇటూగా, మోడులా కనిపించే కొమ్మ మీద తొడిమ రాలిన మచ్చకు పైన చిన్న ఎర్రటి మొన కనిపిస్తుంది. బియ్యపు గింజంత కూడా ఉండదు. రెండు రోజుల్లో అది రెండు బుల్లి ఆకులుగా విడుతుంది. అప్పుడు కణుపు కణుపుకూ చూసుకుంటూ నడవడం నాకు ఏడాది మొత్తంలో ఇష్టమైన పని. రెమ్మ మూడు నాలుగు జతల ఆకులేసేసరికి ఆకుల మొదట్లో ఆకుపచ్చ పూమొగ్గలు కనబడతాయి. అవి విచ్చడానికి ఇంచుమించు నెల పడుతుంది. తెల్లని రేకలు, మధ్యలో కుచ్చులా కేసరాలు, తోటంతా తేనెటీగలు. కాయ కోతకు రావడానికి అక్కడి నుంచి నాలుగు నెలలు, ఒక్కోసారి ఇంకొన్నాళ్లు.

మధ్యలో చేయాల్సినవి పెద్దగా లేవు. పశువుల ఎరువు, వేపపిండి వంచేటప్పుడే పాదుల్లో వేస్తాం. కొమ్మ పైనుంచి నిట్టనిలువుగా, ఏపుగా లేచే రెమ్మలను వేలితో తుంచాలి, లేకపోతే పెత్తనం మళ్లీ వాటికే పోతుంది. పూమొగ్గ కనిపించాక తాళ్లు విప్పేస్తాం. అప్పటికి కొమ్మ ఆ వాటానికి అలవాటు పడి ఉంటుంది, కాస్త పైకి లేచినా కాయ బరువుకు మళ్లీ దిగుతుంది. నేలకు తగిలే కొమ్మల కింద వరిగడ్డి పరుస్తాం.

రకాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. లక్నో-49 అంటే మన సర్దార్ జామ. లక్నో నుంచి తెచ్చిన అలహాబాద్ సఫేదా గింజలు నాటితే వచ్చిన మొక్కల్లోంచి 1927లో పుణె గణేశ్‌ఖిండ్‌లో ఉద్యాన శాస్త్రవేత్త డాక్టర్ చీమా ఎంపిక చేసిన రకం ఇది. సఫేదాకు పుట్టిన బిడ్డే అయినా తల్లి పోలిక తక్కువ. సఫేదా పైకి సాగుతుంది, సర్దార్ గుబురుగా పక్కలకు పరుచుకుంటుంది. అందుకే సర్దార్ కొమ్మ సగం పని తనే చేసిపెడుతుంది. సఫేదా దగ్గర ఓపిక పట్టాలి, కానీ వంచడం వల్ల లాభం దానికే ఎక్కువని నా నమ్మకం.

మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. పాత తోటలో ఆవిడ చెట్టు కింద నిలబడి, కొక్కెం కర్ర పట్టుకున్నవాళ్లకు కాయ చూపించేది. ఇప్పుడు పీట వేసుకుని కూర్చుని తనే తెంపుతుంది, పండు కింద పడి నలగదు. కూలికొచ్చే ఆడవాళ్లకు నిచ్చెన ఎక్కే టెన్షన్ లేదు. నాకు దిగుబడి ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

మామిడికి ఇలా కట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. మామిడి పూత ముదిరిన రెమ్మ కొసన వస్తుంది, దాని లెక్క వేరు. దానికి ఈ తాడు పని పెట్టుకోవద్దు. డాబా మీద కుండీలో జామ ఉన్నవాళ్లు మాత్రం తప్పకుండా చేసి చూడండి. గూటం అక్కర్లేదు, కుండీ అంచుకు కన్నం పెట్టి పీలిక కట్టండి, నాలుగైదు కొమ్మలు చాలు. ఒకే వైపు వంచితే గాలికి కుండీ పడిపోతుంది, చుట్టూ సమంగా వచ్చేట్టు చూసుకోండి.