శాన్ డియాగో స్టాండ్ డౌన్‌లో మేము

ఈ వారం మా తెలుగు వాళ్ళం కొందరం అమెరికాలోని శాన్ డియాగోలో స్టాండ్ డౌన్‌కి వాలంటీర్లుగా వెళ్ళాం. ఇల్లు లేని మాజీ సైనికులకి బట్టలు, వైద్యం, కాగితాల పని అన్నీ ఒకేచోట దొరికే శిబిరం ఇది. 1988లో వియత్నాం యుద్ధం చేసొచ్చినవాళ్ళే ఈ ఊళ్ళో మొదలుపెట్టారు.

నాకు బూట్లు, సాక్సులు ఇచ్చే టేబుల్ పడింది. ఒక పెద్దాయన బూటు విప్పితే సాక్సు మడమకి అంటుకుపోయి ఉంది. నర్సు గోరువెచ్చని నీళ్ళు పోస్తూ నెమ్మదిగా ఊడదీసింది. ఎంత నొప్పి పుట్టిందో గానీ, ఆయన మాత్రం మా ఊరి గురించి, పిల్లల గురించి అడుగుతూనే ఉన్నారు. నాకే కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

రోడ్డు మీద పడుకున్నందుకు పడే చిన్నచిన్న కేసులు తేల్చే ప్రత్యేక కోర్టు కూడా 1989లో ఈ శిబిరంలోనే పుట్టింది. కేసు నెత్తిమీద ఉంటే అద్దెకి ఇల్లు దొరకడం, ఉద్యోగం రావడం చాలా కష్టం. నన్నడిగితే దుప్పట్లకంటే ఇదే పెద్ద సాయం. సైన్యం ఇచ్చే డిశ్చార్జి కాగితం, డీడీ 214, పోగొట్టుకున్నవాళ్ళూ చాలామందే. అది లేక మాజీ సైనికులకి రావాల్సిన సాయాలెన్నో ఆగిపోతాయి.

పెద్ద సైజు బూట్లు ముందే అయిపోయాయి. వచ్చే ఏడాదికి ఇవ్వగలిగినవాళ్ళు నాకు మెసేజ్ పెట్టండి, ఇప్పటినుంచే పోగుచేద్దాం.