కాంటా ఎక్కిందే కంచంలోకి

2025-26 ఖరీఫ్ మద్దతు ధరల పట్టిక ఒక్కటే చూస్తే మన రైతులకు వరి మీద ఇంత మోజెందుకో అర్థం కాదు. ‘ఎ’ గ్రేడు వడ్లు క్వింటాలు 2,389 రూపాయలు, హైబ్రిడ్ జొన్నలు 3,699, రాగులు 4,886, కందులు 8,000. ఈ నాలుగింటిలో వడ్లదే అట్టడుగు ధర. అయినా బోర్లో నీళ్లున్న ప్రతి చెక్కా వరి మడి అవుతోంది.

ధర ప్రకటించడం వేరు, కాంటా పెట్టి కొనడం వేరు. వడ్లు 17 శాతం లోపు తేమతో ఉంటే మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కేంద్రంలోనో సహకార సొసైటీలోనో తూకం వేస్తారు, లారీ ఎక్కిస్తారు, డబ్బు ఖాతాలో పడుతుంది. తరుగు పేరుతో కోతలు, గోనె సంచుల కొరత, కల్లాల్లో తడిసిన కుప్పలు ఎప్పుడూ ఉండే గోలే. అయినా కొనేవాడు ఉన్నాడన్న ధీమా రైతుకు ఉంది. కందులకు తేమ 12 శాతం దాటకూడదు. పైగా ధర మద్దతు పథకం కింద కేంద్రం చాలా ఏళ్లు రాష్ట్ర దిగుబడిలో నాలుగో వంతు దాకానే కొనేది. కంది, మినుము, మసూర్ పప్పులకు ఆ హద్దు ఎత్తేసింది ఈ మధ్యే. ఇక జొన్నల సంగతి సరేసరి: ఏ ఏడు కొంటారో, ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు కొంటారో విత్తేనాటికి తెలియదు.

ఎకరం లెక్క వేద్దాం. వరి 25 క్వింటాళ్లు పండితే దాదాపు 60,000 రూపాయలు. వర్షాధారంగా కంది 4, 5 క్వింటాళ్లు వస్తే 32,000 నుంచి 40,000. అదీ మద్దతు ధర దక్కితేనే. వరికి నీళ్లు ఎక్కువ కావాలి నిజమే, కానీ ఆ నీళ్లు తోడే కరెంటుకు బిల్లు లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి ఉచితం, తెలంగాణలో 2018 జనవరి నుంచి 24 గంటలూ ఇస్తామన్నారు. యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. ఎకరం వరి కోయడానికి హార్వెస్టర్ దొరుకుతుంది, జొన్న కంకి మీద పిట్టల కాపలా మాత్రం మనిషే కాయాలి. ఇన్ని ఒకవైపే మొగ్గితే రైతు ఎటు మొగ్గుతాడు?

ప్రభుత్వం అలా కొన్న వడ్లు మిల్లుకు వెళ్తాయి, క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యం మిల్లరు ప్రభుత్వానికి తిరిగి ఇవ్వాలి. అదే రేషన్ షాపుకు వస్తుంది. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యంతో మొదలుపెట్టింది, 2013 ఆహార భద్రతా చట్టంతో మనిషికి నెలకు 5 కిలోల హక్కయింది, 2023 జనవరి నుంచి పూర్తిగా ఉచితం. తెలంగాణలో మనిషికి 6 కిలోలు, 2025 ఉగాది నుంచి సన్నబియ్యం. పండగకే వరన్నం వండిన ఇళ్లకు రోజూ అన్నం తెచ్చిన పథకం ఇది. ఆకలిని తగ్గించిన ఆ ఘనతను కాదనడం లేదు.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. నలుగురున్న ఇంటికి 24 కిలోలు వస్తే మనిషికి రోజుకు 200 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం 2,000 కేలరీల భోజనంలో ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు చాలు. అంటే ధాన్యం వాటా దాదాపుగా ఉచితంగానే వస్తోంది. అదే లెక్కలో పప్పులు 85 గ్రాములు. నలుగురికి నెలకు 10 కిలోల పైమాటే. కందిపప్పు కిలో 120 అనుకున్నా 1,200 రూపాయలు దాటుతుంది, అది మాత్రం జేబులోంచి పోవాలి. కూరగాయలు 400 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు కూడా అంతే. దాంతో పప్పు పలచబడుతుంది, అన్నం కుప్ప పెరుగుతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దీని నీడ కనిపిస్తుంది. 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6. ఐదేళ్లలోపు పిల్లల్లో తెలంగాణ 70 శాతం. అదే ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లలో అధిక బరువు 36.3 శాతం. ఒకే రాష్ట్రంలో, చాలాసార్లు ఒకే ఇంట్లో, బరువు ఎక్కువ, రక్తం తక్కువ. దీనంతటికీ బియ్యమే కారణమంటే అతిశయోక్తి. నులిపురుగులు, చిన్న వయసు కాన్పులు కూడా ఉన్నాయి. కానీ పాలిష్ బియ్యం 100 గ్రాముల్లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదన్నది మర్చిపోకూడదు.

ప్రభుత్వం దీనికి వేసిన మందు బలవర్ధక బియ్యం. నూరు కిలోల బియ్యానికి ఒక కిలో ప్రత్యేక గింజలు కలపడం దీని పద్ధతి. కిలో బియ్యానికి ఇనుము 28 నుంచి 42.5 మిల్లీగ్రాములు, దాంతో పాటు ఫోలిక్ ఆమ్లం, బి12 ఉండాలి. ఆ గింజలు కాస్త పసుపుగా ఉండి నీళ్లలో తేలతాయి. ప్లాస్టిక్ బియ్యం అన్న పుకారు పుట్టింది అక్కడే, చాలా ఇళ్లలో ఏరి పారేస్తున్నారు. పారేయకూడదు. ఎక్కువసార్లు కడిగినా, గంజి వార్చినా విటమిన్లు నీళ్లతో పోతాయి, కాబట్టి ఎసరు సరిపడా పోసి వండాలి. తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది. నిమ్మకాయ పిండుకుంటే పెరుగుతుంది.

లెక్క చూస్తే నవ్వొస్తుంది. ఇంత చేసి 100 గ్రాముల బియ్యంలోకి తెచ్చే ఇనుము 2.8 నుంచి 4.25 మిల్లీగ్రాములు. జొన్నల్లో ఎవరూ కలపకుండానే దాదాపు 4, సజ్జల్లో 6.4. రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం అదనం. (సజ్జల్లోని ఫైటేట్ అనే పదార్థం ఇనుమును కొంత పట్టి ఉంచుతుంది, నానబెట్టి మొలకెత్తిస్తే తగ్గుతుంది.)

జింకుదీ ఇదే తీరు. యూరియా చవక కాబట్టి గుప్పిస్తారు, జింకు గుర్తుకు రాదు. నాటిన రెండు మూడు వారాలకు ఆకుల మీద తుప్పు మచ్చలు పడితే లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి ఐదు రోజులకోసారి పిచికారీ చేస్తారు. దాంతో దిగుబడి నిలుస్తుంది. గింజలోకి జింకు ఎక్కాలంటే పూత తర్వాత కూడా ఆకు మీద కొట్టాలి. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ జింకు ఎక్కువుండే డీఆర్‌ఆర్ ధాన్ 45 ఇచ్చింది. కానీ కొనుగోలు కేంద్రంలో అదీ మిగతా వడ్లతో ఒకే కుప్ప, ఒకే ధర. తెలంగాణలో సన్న వడ్లకు క్వింటాలుకు 500 బోనస్ ఉంది. పోషకానికి బోనస్ లేదు.

చిరుధాన్యాలు రేషన్లోకి రావాలంటే ముందు కొనాలి. కర్ణాటక రాగులను మద్దతు ధరకు కొని దక్షిణ జిల్లాల రేషన్లో ఇస్తోంది, ఒడిశా కూడా 2017లో మొదలైన చిరుధాన్యాల మిషన్‌తో అదే దారి పట్టింది. బియ్యంలా గోదాముల్లో ఏళ్ల తరబడి పెడితే కుదరదు. కేంద్రం ఇచ్చిన పంపిణీ గడువు జొన్నలకు 9 నెలలు, రాగులకు 10. కాబట్టి కొన్న జిల్లాలోనో పక్క జిల్లాలోనో పంచేయాలి. పిండి చేసి ఇవ్వకూడదు, సజ్జ పిండి కొద్ది రోజుల్లోనే చేదెక్కుతుంది. కొర్రలు, సామలకు పొట్టు తీసే యంత్రం ఊరి దగ్గర లేకపోతే ఇచ్చిన గింజ గాదెలోనే ఉంటుంది. అలవాటున్న చోటనే మొదలుపెట్టాలి. చిత్తూరు, అనంతపురాల్లో సంగటి కెలకడం, ఆదిలాబాద్‌లో జొన్నరొట్టె తట్టడం ఎవరికీ నేర్పక్కర్లేదు. అదే రాగుల సంచిని కోనసీమలో దింపితే సగం కోళ్ల ముందుకు పోతుంది.