కౌంటీ జాబితాలో కనిపించే సాయం, కనిపించని కౌలు

అమెరికాలో ఏ వ్యవసాయ కౌంటీని (మన జిల్లా లాంటిది) తీసుకున్నా, అక్కడ ఎవరికి ఏ పథకం కింద ఎంత ప్రభుత్వ సొమ్ము అందిందో 1995 నుంచి లెక్కలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ వాటిని ప్రభుత్వం నుంచి సేకరించి అందరికీ అందుబాటులో పెట్టింది. ఇరుగుపొరుగు రైతుకు ఎంత ముట్టిందో తెలుసుకోవాలన్న కుతూహలం ఏ దేశంలోనైనా ఒకటే కనుక వాటిని చూసేవారికి కొదవ ఉండదు. అయితే ఆ సొమ్ము చివరికి ఎవరి దగ్గర నిలిచిందో ఆ జాబితా చెప్పలేదని నాకనిపిస్తుంది.

2014 వ్యవసాయ చట్టంతో వచ్చిన రెండు ప్రధాన పథకాల్లో ఒకటి పంట ధర పడిపోయినప్పుడు, రెండోది కౌంటీ సగటు రాబడి పడిపోయినప్పుడు ఆదుకుంటుంది. ఈ రెండోదానిలో రైతు సొంత చేలో ఎంత పండిందన్న ప్రశ్నే రాదు. కౌంటీ మొత్తం మీద ఎకరాకు సగటు దిగుబడి ఎంత, దేశవ్యాప్తంగా ధర ఎంత అన్నవే లెక్కలోకి వస్తాయి. అందువల్ల కౌంటీ సరిహద్దుగా ఉన్న కంకర రోడ్డుకు అటూ ఇటూ ఒకే వడగళ్ల వానకు దెబ్బతిన్న రెండు మొక్కజొన్న చేలలో ఒకదానికి సొమ్ము వచ్చి, రెండోదానికి ఒక్క సెంటు కూడా రాకపోవచ్చు. భూమి రెండు కౌంటీల్లోనూ ఉన్న రైతుకు మొదట్లో అతని రికార్డులు ఏ కౌంటీ ఆఫీసులో ఉంటే ఆ లెక్కే వర్తించేది. 2018 చట్టం తరువాత భూమి నిజంగా ఏ కౌంటీలో ఉంటే ఆ లెక్క కడుతున్నారు. డబ్బు చేతికి వచ్చేది మాత్రం పంట కోసిన మరుసటి ఏడాది అక్టోబరులో.

పైగా చెల్లింపు ఈ ఏడు వేసిన పంట మీద కాదు, ఆ భూమిలో వెనకటికి సాగైన పంటల ఆధారంగా రికార్డుకెక్కిన ‘బేస్ ఎకరాల’లో 85 శాతం మీద. పాత రికార్డును నమ్ముకుంటే ఏమవుతుందో అంతకుముందే ఒకసారి తేలింది. టెక్సాస్‌లో ఒకప్పుడు వరి పండిన భూమిలో ఇల్లు కట్టుకున్న, వ్యవసాయంతో సంబంధమే లేని మనుషులకు కూడా ఏటా సొమ్ము వెళ్తోందని 2006లో వాషింగ్టన్ పోస్ట్ బయటపెట్టింది. ఆ తరహా నేరు చెల్లింపులను 2014 చట్టమే రద్దు చేసింది.

చైనాతో సుంకాల పోరు మొదలైన 2018లో రైతులకు పరిహారంగా సోయా బుషెల్‌కు (సుమారు పాతిక కిలోల కొలత) 1.65 డాలర్లు ఇచ్చిన ప్రభుత్వం మొక్కజొన్న బుషెల్‌కు ఒకే ఒక్క సెంటు విదిల్చింది. మరుసటి ఏడాది పంటవారీ లెక్క మాని, కౌంటీకో రేటు చొప్పున ఎకరాకు 15 నుంచి 150 డాలర్ల వరకు నిర్ణయించారు. రోడ్డుకు అవతలివాడి రేటు ఎక్కువెందుకన్న తగవు సహజంగానే మళ్లీ మొదలైంది.

ఇక అసలు విషయం కౌలు. అయోవా రాష్ట్రంలో సగానికి పైగా సాగుభూమి కౌలులోనే ఉంది. నగదు కౌలుకు ఇచ్చిన యజమానికి ఈ సాయం వర్తించదని, పంట నష్టాన్ని భరించేవారికే చెందుతుందని నిబంధన స్పష్టంగానే చెబుతుంది. తెలంగాణలో 2018లో ఎకరాకు సీజనుకు 4,000 రూపాయలతో మొదలైన రైతుబంధు పట్టాదారుకే వెళ్లి కౌలు రైతును పక్కన పెట్టింది కనుక, కాగితం మీద అమెరికా పద్ధతే న్యాయమనిపిస్తుంది. కానీ ప్రభుత్వ సొమ్ము వస్తుందని తెలిసిన యజమాని మరుసటి ఏడాది కౌలు పెంచితే, కౌంటీ జాబితాలో పేరు కౌలుదారుదే ఉన్నా అందులో కొంత భూస్వామి ఖాతాకు చేరుతుంది.

పంట బీమా సంగతి మరీ విచిత్రం. ప్రీమియంలో సగానికి పైగా ప్రభుత్వమే కడుతుంది, ఒక్కొక్కరికి ఇంతకు మించి ఇవ్వరాదన్న పరిమితి కూడా లేదు. అయినా ఏ రైతుకు ఎంత రాయితీ అందిందో పేర్లతో బయటపెట్టరు కాబట్టి అది ఆ జాబితాలోకి ఎక్కనే ఎక్కదు.