పొగలో గోడ

2021 డిసెంబరు 30న మా ఊరు తగలబడింది. కొలరాడోలో బౌల్డర్ పక్కన ఉండే సుపీరియర్ మాది. గాలి గంటకు 160 కిలోమీటర్లు దాటి వీస్తోంది. ఖాళీ చేయమని మెసేజ్ వచ్చేసరికే వీధి చివర పొగ. పాపను, పాస్‌పోర్టుల సంచిని కారులో వేసుకుని బయల్దేరాం. ఎదురుగా ఫైరింజన్లు మా వీధుల వైపే వెళ్తున్నాయి. మా ఊళ్ళో, పక్కనున్న లూయిస్‌విల్‌లో, చుట్టుపక్కల కలిపి వెయ్యికి పైగా ఇళ్ళు బూడిదయ్యాయి. మా ఇల్లు మిగిలింది. రెండు వీధుల అవతల ఏమీ మిగల్లేదు.

అప్పటిదాకా బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాసేదాన్ని. ఏడాది తిరిగేసరికి ఫైర్‌ఫైటర్లకు వీఆర్ (హెడ్‌సెట్‌లో కల్పిత దృశ్యం చూపేది), ఏఆర్ (ఎదురుగా కనిపించేదాని మీదే సమాచారం చూపేది) పరికరాలు తయారుచేసే చిన్న కంపెనీలో చేరాను. "హెచ్‌1బీ మీద ఉండి చిన్న కంపెనీకి మారడమేంటమ్మా" అని నాన్న చాలా రోజులు టెన్షన్ పడ్డారు. ఆ ఫైరింజన్లను ఆయన చూడలేదు కదా.

నేను మొదట చేసిన ఏఆర్ స్క్రీన్ నిండుగా ఉండేది. మాస్కు లోంచి చూస్తే గది మ్యాపు, గుండె వేగం, ఉష్ణోగ్రత, తోటివాళ్ళ పేర్లు అన్నీ కళ్ళ ముందే. ముప్పై ఏళ్ళ సర్వీసున్న ఒక కెప్టెన్ అది పెట్టుకుని చూసి, ఏమీ అనకుండా తీసేశారు. "రేపు ట్రైనింగ్ టవర్‌కి రా" అన్నారంతే.

మర్నాడు నాకు కోటు, బూట్లు, హెల్మెట్ తొడిగి, వీపుకి సిలిండర్ కట్టారు. అందులో ఆక్సిజన్ ఉంటుందనుకునేదాన్ని. కాదు, మామూలు గాలినే ఒత్తిడితో నింపుతారు. అన్నీ కలిపి ఇరవై కిలోలు దాటాయి. మాస్కు అద్దానికి నల్లటి కవరు వేశారు. "కుడిచెయ్యి గోడ మీంచి తియ్యకు. పాకుతూ వెళ్ళి తలుపు వెతుకు" అన్నారు.

చిన్నప్పుడు కరెంటు పోతే గోడ తడుముకుంటూ వంటింట్లో అగ్గిపెట్టె వెతికేవాళ్ళం. అదే ధైర్యంతో మొదలుపెట్టాను. మంచం కాలు అడ్డొచ్చింది. చుట్టూ తిరిగేసరికి గోడ పోయింది. ఎటు పాకినా నేలే. నా ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. కాసేపు కదలకుండా ఉండిపోయేసరికి భుజం దగ్గరి అలారం మోగింది. మనిషి అరనిమిషం కదలకపోతే అది గట్టిగా అరుస్తుంది, పడిపోయినవాళ్ళను ఆ చప్పుడుతోనే వెతుకుతారు. ఆయనే వచ్చి నా చెయ్యి పట్టుకెళ్ళి తలుపుకి ఆనించారు. నేను దానికి ఆరడుగుల దూరంలోనే ఉన్నాను.

నిప్పు లేదు, పొగ లేదు. అయినా నా స్క్రీన్ మీద పెట్టినవాటిలో ఒక్కటీ ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. కావలసింది గోడ అంచు, తలుపు గీత, సిలిండర్‌లో ఎంత గాలి మిగిలిందనేది. వేడిని బట్టి బొమ్మ చూపే థర్మల్ కెమెరా పొగలోంచి చూడగలదు. కానీ చేతిలో పట్టుకునే కెమెరాకి ఒక చెయ్యి పోతుంది, ఆ చెయ్యి గోడకు కావాలి. అందుకే కెమెరా హెల్మెట్ మీదుండి, గది అంచులను మాత్రం వెలుగు గీతలుగా చూపించాలి. క్వేక్ అనే కంపెనీ తయారుచేసిన సీ-త్రూ పద్ధతి ఇదే. నేను అంతకుముందే దాని గురించి చదివాను, కానీ అర్థమైంది ఆ గదిలోనే.

శిక్షణలో వీఆర్ ఎందుకన్నది కూడా అక్కడే తెలిసింది. ఫైర్‌ఫైటర్ వృత్తే క్యాన్సర్ కారకమని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది. శిక్షణ కోసం వెలిగించే మంటల్లోనూ విషపు పొగ ఉంటుంది. తలుపు వెతకడం, జట్టుతో మాట్లాడుకోవడం లాంటివి వందసార్లు సాధన చేయడానికి వందసార్లు ఆ పొగ మింగక్కర్లేదు. అలాగని అసలు మంట అక్కర్లేదని నేననను. బరువు, వేడి, మోకాళ్ళ నొప్పి హెడ్‌సెట్ నేర్పదు.

కొత్త స్క్రీన్‌లో మూడే ఉంచాను: అంచులు, గాలి, బయటికి దారి. పక్కన చిన్నగా ఉష్ణోగ్రత అంకె కూడా. కెప్టెన్ పెట్టుకుని గదంతా పాకి, తలుపు దగ్గర కూర్చుని మాస్కు తీశారు.

"ఆ అంకె తీసెయ్. వేడి సంగతి నా చెవులు చెబుతాయి."

తీసేశాను. ఇప్పుడు గీతలు తల తిప్పగానే రెప్పపాటు వెనకబడుతున్నాయి, దాని మీద పడ్డాం.