గల్లాపెట్టె లెక్క వేరు, చిట్టా లెక్క వేరు

తెనాలిలో మా నాన్నకు ముప్ఫై ఏళ్లు కిరాణా కొట్టు ఉండేది. రాత్రి షట్టర్ సగం దించి, ఎర్ర అట్ట పుస్తకంలో చిట్టా రాసుకునేవాడు. నేను గల్లాపెట్టెలోని నోట్లు చూసి మురిసిపోతుంటే, "అందులో ఉన్నదంతా మనది కాదురా" అనేవాడు. ఆ మాట నాకు బుర్రకెక్కింది నలభై దాటాక, డాలస్‌లో, అమ్మానాన్నల గ్రీన్ కార్డు కోసం ఐ-864 ఫారం, అంటే వాళ్లను నేను పోషిస్తానని ప్రభుత్వానికి రాసిచ్చే హామీపత్రం, ముందేసుకుని కూర్చున్న రోజున.

నేను ఫొటోగ్రాఫర్‌ని. 2019లో ఐటీ ఉద్యోగం వదిలేసి ఈ పనిలో దిగాను. ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, అరంగేట్రాలు, పెళ్లిళ్లు. ఇక్కడ మనవాళ్లు ఎంతమంది ఉన్నారో అన్ని ఫంక్షన్లు. పనికి లోటు లేదు. కానీ నెల తిరిగేసరికి చేతికొచ్చే జీతం స్లిప్పు లేదు, "ఇతను మా దగ్గర పని చేస్తున్నాడు" అని రాసిచ్చే కంపెనీ లేదు.

నేను అమెరికా సిటిజన్‌ని. అమ్మానాన్నలను తెచ్చుకోవడానికి 2023 ఫిబ్రవరిలో ఐ-130 పిటిషన్లు వేశాను. సిటిజన్ తల్లిదండ్రుల కేసుల్లో ఒకరి వెనక ఇంకొకరు డిపెండెంటుగా రాలేరు. అమ్మకో పిటిషన్, నాన్నకో పిటిషన్, చివర్లో స్పాన్సర్ అఫిడవిట్ (అదే ఐ-864) కూడా రెండు. కేసులు ఇంటర్వ్యూకు ముందు కాగితాలు పరిశీలించే నేషనల్ వీసా సెంటర్‌కు చేరేసరికి 2024 వేసవి వచ్చింది. అప్పటిదాకా నాకు టెన్షనే లేదు. జనన ధ్రువపత్రాల దగ్గర కష్టమని అందరూ భయపెట్టారు కాబట్టి నా ధ్యాసంతా అటే ఉండిపోయింది.

ఫారంలో ప్రస్తుత వార్షికాదాయం అడిగిన చోట 91,000 డాలర్లని రాసేశాను. నిజమే కదా, 2023లో నేను వేసిన బిల్లులు అంతే. పైగా మా టాక్సులు చూసే సీపీఏ పంపిన పీడీఎఫ్‌లో ఫారం 1040 (టాక్స్ రిటర్న్) మొదటి రెండు పేజీలే ఉన్నాయి. వాటినే అప్‌లోడ్ చేశాను. కొన్ని వారాలకు తిరుగుటపా. షెడ్యూళ్లన్నీ జతచేయాలి, చూపిన ఆదాయం సరిపోయేలా లేదు, జాయింట్ స్పాన్సర్, అంటే నాతో పాటు హామీ సంతకం పెట్టే ఇంకొకరు, అవసరం పడొచ్చు అని.

తప్పు నాదే. సొంత పని చేసేవాడికి వాళ్లు చూసేది షెడ్యూల్ సి (రిటర్న్‌లో వ్యాపారం రాబడి, ఖర్చులు రాసే పేజీ) అడుగున మిగిలిన నికర లాభం. అదే 1040లో తొమ్మిదో గడిలో ఉండే మొత్తం ఆదాయంలోకి వెళుతుంది. నా నికరం 38,400. మిగతా 52,600 ఏమైందంటే, ఆల్బమ్‌లు ఎడిట్ చేసే విజయవాడ కుర్రాళ్లకు, రెండో కెమెరామన్‌కు, ఇన్సూరెన్సుకు, ప్రింటింగుకు పోయింది కొంత. అది నిజంగా జేబులోంచి పోయిన డబ్బు. కానీ కారు మైలేజీ ఖర్చు కింద 11,790 ఉంది. 2023లో మైలుకు 65.5 సెంట్లు లెక్కన 18,000 మైళ్లు. పెట్రోలుకు నేను అందులో సగం కూడా పెట్టి ఉండను. ఇంకో 9,800 కొత్త కెమెరాలు, లెన్సులు. వాటి విలువను అయిదారేళ్లకు పంచుకోవచ్చు. కానీ సెక్షన్ 179 అనే టాక్స్ వెసులుబాటు కింద ఒక్క ఏడాదిలోనే మొత్తం రాయించుకున్నాను. ఆ ఏప్రిల్లో టాక్స్ ఎంత తగ్గిందో చూసి సీపీఏ గారికి స్వీట్ బాక్స్ కూడా ఇచ్చాను.

ఇక గీత ఎక్కడుందో చూద్దాం. స్పాన్సర్ ఆదాయం, కుటుంబంలో ఎంతమందో చూసి అమెరికా ప్రభుత్వం కట్టే పేదరిక గైడ్‌లైన్‌కు 125 శాతం ఉండాలి. మేమిద్దరం, పిల్లలిద్దరు, అమ్మ, నాన్న, వెరసి ఆరుగురు. 2024 పట్టిక ప్రకారం ఆరుగురికి 52,450. ఒకరి ఫారంలో రెండోవారిని కలపక్కర్లేదని వాదించేవాళ్లున్నారు, అలా చూస్తే అయిదుగురికి 45,725 చాలు. ఇద్దరూ ఒకే విమానంలో దిగుతున్నప్పుడు ఆ వాదన మీద ఆధారపడబుద్ధి కాలేదు. ఆరుగురికే లెక్క వేసుకున్నాను.

ఒక మిత్రుడి సలహా: "2023 రిటర్న్ అమెండ్ చేసి, అదే, సవరించి మళ్లీ వేసి ఖర్చులు తీసెయ్, నికరం పెరుగుతుంది." సీపీఏ గారు మొహం మీదే కాదన్నారు. "నిజంగా అయిన ఖర్చును వీసా కోసం కాలేదని రాస్తారా? నేను సంతకం పెట్టను." ఆ రోజు ఆయన మీద కోపం వచ్చింది గానీ, ఇప్పుడు లేదు.

జాయింట్ స్పాన్సర్ సంగతి రాయడానికే కొంచెం ఇబ్బందిగా ఉంది. ఆస్టిన్‌లో మా పెదనాన్న కొడుకు ఉన్నాడు, మంచి జీతం. అడగ్గానే "దానికేముందిరా, ఫారం పంపు" అన్నాడు. మూడు రోజులు చప్పుడు లేదు. నాలుగో రోజు వదిన ఫోను: "నలభై క్వార్టర్లు అని ఉందేంటి, అంటే పదేళ్లా? ఈలోపు మావయ్యగారు ఏదైనా గవర్నమెంటు సాయం తీసుకుంటే మా మీదకి వస్తుందా?" ఆవిడ అడిగినదాంట్లో తప్పేం లేదు. అమ్మానాన్నలు సిటిజన్లు అయ్యేదాకా, లేదా నలభై క్వార్టర్ల పని వాళ్ల ఖాతాలో పడేదాకా ఆ సంతకం బతికే ఉంటుంది. డెబ్భై దాటినవాళ్లు పదేళ్లు ఉద్యోగం చేస్తారా? పైగా అన్నయ్యవాళ్లు తమ టాక్స్ కాగితాలు నా చేతికివ్వాలి. మన చుట్టాల్లో అప్పు ఇస్తారు గానీ, జీతమెంతో చెప్పరు. "వద్దులే వదినా, వేరే దారి చూస్తున్నా" అనేశాను. అప్పటికి ఏ దారీ చూడలేదు.

దారి ఇంట్లోనే ఉంది. మా ఆవిడ స్కూల్లో పార్ట్ టైమ్ చేస్తుంది, 2023లో 11,200 వచ్చాయి. ఒకే ఇంట్లో ఉంటాం కాబట్టి ఆవిడ ఐ-864ఎ (ఇంట్లోవాళ్ల హామీ ఫారం) మీద సంతకం పెడితే అది కలుస్తుంది. 38,400కు 11,200 కలిపితే 49,600. మా జాయింట్ రిటర్న్ తొమ్మిదో గడిలో ఉన్నదీ సరిగ్గా అంతే. ఇంకా లోటు 2,850. లోటును ఆస్తితో పూడ్చుకోవచ్చు, కాకపోతే తల్లిదండ్రుల కేసులో లోటుకు అయిదింతలు చూపాలి. అంటే 14,250 డాలర్లు. మా సేవింగ్స్‌లో ఇరవై వేల దాకా ఉన్నాయి. పన్నెండు నెలల స్టేట్‌మెంట్లు తీశాను.

ఈ మాట ఫోన్‌లో చెబితే నాన్న, "ఆస్తే కావాలంటే మన ఇల్లు చూపించకూడదూ?" అన్నాడు. రాబోయేవాళ్ల ఆస్తి కూడా లెక్కలోకి వస్తుంది. కానీ విలువ కట్టించాలి, ఏడాదిలో డబ్బుగా మార్చి ఇక్కడికి తేగలమని చూపించాలి. "అంటే అమ్ముతామని రాయాలా?" అని అడిగాడు. ఆ తర్వాత ఇద్దరం ఆ ఊసెత్తలేదు.

రెండోసారి పంపేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకున్నాను. పీడీఎఫ్ పక్కన పడేసి టాక్సుల శాఖ ఐఆర్ఎస్ సైటు నుంచి ట్రాన్స్క్రిప్టులే (మన రిటర్న్‌కు వాళ్లిచ్చే నకలు) దింపాను. వాటిలో షెడ్యూల్ సి వివరాలు ఉంటాయి, వేరే పేజీలు తగిలించక్కర్లేదు. ఒక ఏడాది చాలంటారు, నేను మూడేళ్లవీ ఇచ్చాను. నా సంపాదన ఏటేటా పెరుగుతోంది, అది కనబడనీ అని. 2024లో అప్పటిదాకా వచ్చిన లాభనష్టాల పట్టిక, రాబోయే పెళ్లిళ్ల ఒప్పందాలు, క్వార్టర్లీ టాక్సులు కట్టిన రసీదులు జతచేశాను. మైలేజీ లాంటివి చేతి నుంచి పోయిన డబ్బు కావని సీపీఏ గారు ఒక ఉత్తరం రాసిచ్చారు. దాన్ని ఎవరైనా చదివారో లేదో.

అన్నిటికంటే విసిగించింది బ్యాంకు స్టేట్‌మెంట్లే. జెల్‌లో (ఫోన్‌లో డబ్బు పంపుకునే యాప్) వచ్చే అడ్వాన్సులు, పిల్లల ఈత క్లాసుల ఫీజులు, పటేల్ బ్రదర్స్ కిరాణా బిల్లులు, అన్నీ ఒకే ఖాతాలో. ఏది వ్యాపారం, ఏది ఇల్లు అని పెన్సిల్‌తో గుర్తులు పెడుతూ రెండు శనివారాలు పోయాయి. మర్నాడే బిజినెస్ ఖాతా విడిగా తెరిచాను.

సెప్టెంబర్‌లో ఫైలు పూర్తయిందని మెయిల్ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ముంబైలో ఇంటర్వ్యూ. నేను తయారుచేసిన లావుపాటి ఫైలు నాన్న ఒళ్లోనే ఉండిపోయిందట. "మీ అబ్బాయి ఏం చేస్తారు?" అని అడిగితే "ఫొటోలు తీస్తాడండీ" అన్నాడట. "పెళ్లి ఫొటోలా?" అని నవ్వారట. ఇంకో రెండు ప్రశ్నలు అమ్మను అడిగి, పాస్‌పోర్టులు ఉంచుకుంటామన్నారట, అంటే వీసా వచ్చినట్టే.

ఏప్రిల్లో దిగారు. జెట్‌లాగ్‌తో నిద్రపట్టక నాన్న తెల్లవారుజామున మూడింటికే డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు ఆ ఫైలు, ముక్కు మీద కళ్లజోడు. నన్ను చూసి షెడ్యూల్ సి మీద వేలు పెట్టాడు.

"ఒరేయ్, కారు ఖర్చు పదకొండు వేలేంట్రా? ఇంత తిరిగావా?"